ట్రాఫిక్‌లో మరిగే కారు: మార్చాల్సింది రేడియేటరా, ఫ్యానా?

2024 ఏప్రిల్ 30న కోల్‌కతాలోని అలీపూర్‌లో గరిష్ఠ ఉష్ణోగ్రత 43 డిగ్రీల సెల్సియస్‌గా నమోదైంది. అలాంటి మధ్యాహ్నం ఎస్‌ప్లనేడ్ కూడలిలో ఒక పాత స్పోర్ట్స్ కారు సిగ్నల్ కోసం ఆగితే, డ్యాష్‌బోర్డు మీది టెంపరేచర్ ముల్లు మెల్లగా ఎర్ర గీత వైపు జరుగుతుంది. సిగ్నల్ పడి కారు పదడుగులు కదిలి మళ్లీ ఆగితే ముల్లు ఇంకాస్త పైకి పోతుంది. అదే కారు విద్యాసాగర్ సేతు ఎక్కి హౌరా వైపు కోనా ఎక్స్‌ప్రెస్‌వే మీద వేగం అందుకుంటే, ముల్లు తనంతట తానే కిందికి దిగుతుంది. ఇంజిన్ అప్పుడు మరింత కష్టపడుతున్నా, మరింత పెట్రోలు మండిస్తున్నా కారు చల్లబడుతుంది.

వింతగా తోచే ఈ ప్రవర్తనలోనే సమస్య మూలం దాగి ఉంది. కారు వేడెక్కుతోందనగానే చాలామంది యజమానులు మొదట చేసే పని పెద్ద రేడియేటర్ కొనడం. డబ్బు ఖర్చవుతుంది, పాత రేడియేటర్ మూలన పడుతుంది, కానీ తర్వాతి వేసవిలో అదే కూడలిలో అదే ముల్లు మళ్లీ పైకి లేస్తుంది. కారణం సులువైనదే. నెమ్మదిగా కదిలే కారులో కొరత సాధారణంగా రేడియేటర్‌ది కాదు, దాని గుండా పోయే గాలిది. గాలి కొరతను పెద్ద రేడియేటర్ తీర్చలేదు, కొన్ని సందర్భాల్లో పెంచుతుంది కూడా.

కోల్‌కతా, అంబాసిడర్, ఎం.జి.ఏ.

పాత కార్లకు కోల్‌కతా పెట్టింది పేరు. ది స్టేట్స్‌మన్ పత్రిక నిర్వహించే వింటేజ్, క్లాసిక్ కార్ల ర్యాలీ ఇక్కడ 1968లో మొదలైంది. సాధారణంగా శీతాకాలంలో జరుగుతుంది కాబట్టి ర్యాలీ రోజున వాతావరణం ఇంజిన్లకు అనుకూలంగానే ఉంటుంది. అసలు పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో మామూలు రోడ్డు మీద ఎదురవుతుంది.

నగరానికి ఉత్తరాన హుగ్లీ జిల్లా ఉత్తర్‌పాడాలో హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారం ఉండేది. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా తయారైన అంబాసిడర్ కార్లు 2014 మే నెలలో ఉత్పత్తి నిలిచిపోయే వరకు అక్కడి నుంచే వచ్చాయి. తొలి అంబాసిడర్లలో పాతకాలపు సైడ్ వాల్వ్ ఇంజిన్ ఉండేది. దాని స్థానంలో వచ్చినది బి.ఎం.సి. సంస్థ రూపొందించిన 1489 సీసీల బి సిరీస్ ఇంజిన్. 1955లో విడుదలైన ఎం.జి.ఏ. అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారులోనూ ఇదే కుటుంబానికి చెందిన 1489 సీసీల ఇంజిన్ ఉంది. స్పోర్ట్స్ కారులో దానికి రెండు కార్బ్యురేటర్లు అమర్చి ఎక్కువ శక్తి రాబట్టారు. అంబాసిడర్‌లో కుటుంబ సవారీకి, టాక్సీకి సరిపడేలా నిదానంగా ఉంచారు. కోల్‌కతా పసుపు టాక్సీ బానెట్ కింద శబ్దం చేసిన ఇంజిన్, ఓ స్పోర్ట్స్ కారు ఇంజిన్‌కు దగ్గరి బంధువన్నమాట.

రెండు కార్లూ బ్రిటన్ వాతావరణాన్ని దృష్టిలో ఉంచుకుని పుట్టినవే. అక్కడ చాలా రోజులు చల్లగానే ఉంటాయి. రోడ్లు ఖాళీగా ఉన్న 1950ల్లో స్పోర్ట్స్ కారు గంటల తరబడి నిలబడి ఉండాల్సిన అవసరమూ అరుదు. ఆ లెక్కలతో చేసిన శీతలీకరణ వ్యవస్థను కోల్‌కతా వేసవిలోకి, నేటి ట్రాఫిక్‌లోకి తెచ్చినప్పుడు మిగులు అన్నది ఉండదు.

ఇంజిన్‌లో వేడి ఎంత?

పెట్రోలు ఇంజిన్ ఇంధనంలోని శక్తి మొత్తాన్ని చక్రాలకు చేర్చలేదు. స్థూలంగా మూడో వంతు మాత్రమే పనిగా మారుతుంది. మరో మూడో వంతు సైలెన్సర్ గొట్టం గుండా వేడి పొగగా బయటికి పోతుంది. మిగిలిన మూడో వంతు సిలిండర్ గోడల ద్వారా కూలెంట్‌లోకి చేరుతుంది. ఈ చివరి భాగాన్ని బయటికి పంపడమే రేడియేటర్ పని.

సుమారు 50 కిలోవాట్ల శక్తినిచ్చే ఇంజిన్ పూర్తి శక్తితో పనిచేస్తుంటే, కూలెంట్‌లోకి చేరే వేడి కూడా దాదాపు అంతే ఉంటుంది. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెలు యాభై ఒకేసారి వేడెక్కుతున్నట్లు లెక్క. అదే ఇంజిన్ ఆగిన కారులో గంటకు లీటరు పెట్రోలు చొప్పున తాగుతూ ఐడిల్‌లో తిరుగుతుంటే, ఇంధనం ద్వారా వచ్చే మొత్తం శక్తి దాదాపు 9 కిలోవాట్లు. అందులో కూలెంట్‌కు చేరేది 3 నుంచి 4 కిలోవాట్లు. అంటే ఆగి ఉన్నప్పుడు వేడి పది రెట్లకు పైగా తగ్గుతుంది. అయినా కారు మరిగేది ఆగినప్పుడే. వేడి తగ్గిన దానికంటే గాలి ఎక్కువగా తగ్గిపోవడమే దీనికి కారణం.

నీటి పని తక్కువ, గాలి పని ఎక్కువ

రేడియేటర్ అనే పేరు కొంత తప్పుదారి పట్టిస్తుంది. దీనిలో వికిరణం ద్వారా పోయే వేడి చాలా తక్కువ. ఇంజిన్ నుంచి వచ్చిన వేడి కూలెంట్ సన్నని గొట్టాల గుండా ప్రవహిస్తుంది. గొట్టాల మధ్య ఫిన్లు అనే పలుచని లోహపు రేకులు అతుక్కుని ఉంటాయి. వాటి సందుల్లోంచి గాలి దూసుకుపోతూ వేడిని తీసుకెళ్తుంది. ఇందులో బలహీనమైన లంకె గాలే.

ఒక లీటరు నీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ తగ్గించాలంటే, దాదాపు 3,700 లీటర్ల గాలిని ఒక డిగ్రీ వేడెక్కించాలి. ఘనపరిమాణం లెక్కన నీటికి, గాలికి మధ్య ఉన్న తేడా అంతటిది. ఒక లీటరు నీరు రేడియేటర్‌లో 10 డిగ్రీలు చల్లబడాలంటే, ఆ గాలి 30 డిగ్రీలు వేడెక్కి బయటికి పోయినా సుమారు 1,200 లీటర్ల గాలి కావాలి. చిన్న పంపు నీటిని తేలిగ్గా తిప్పగలదు. అంత గాలిని ఇరుకు సందుల్లోంచి లాగడం కష్టం.

గొట్టాలు, ఫిన్లు ఏ లోహంతో చేశారన్నది కూడా అందుకే అనుకున్నంత ముఖ్యం కాదు. రాగి అల్యూమినియం కంటే వేడిని మెరుగ్గా ప్రసరింపజేస్తుంది. కానీ మిల్లీమీటరులో కొద్ది భాగం మందమున్న గోడను దాటడం వేడికి పెద్ద అడ్డంకి కాదు. ఫిన్ ఉపరితలం నుంచి గాలిలోకి దూకడమే పెద్ద అడ్డంకి. మూడు గేట్లున్న దారిలో ఒకటి ఇరుకైతే, మిగతా రెండింటినీ ఎంత వెడల్పు చేసినా జనం వేగంగా బయటికి రారు.

వేసవి తగ్గించేది ఎంత?

రేడియేటర్ బయటికి పంపే వేడి, కూలెంట్ ఉష్ణోగ్రతకూ బయటి గాలి ఉష్ణోగ్రతకూ మధ్య తేడాపై ఆధారపడుతుంది. కూలెంట్ 90 డిగ్రీల వద్ద, బయటి గాలి 15 డిగ్రీల వద్ద ఉంటే తేడా 75 డిగ్రీలు. కోల్‌కతాలో గాలి 43 డిగ్రీలకు చేరితే తేడా 47 డిగ్రీలే. అదే రేడియేటర్, అదే ఫ్యాన్, అదే వేగం ఉన్నా సామర్థ్యం దాదాపు 63 శాతానికి పడిపోతుంది. అంటే మూడో వంతుకు పైగా నష్టం.

ఎండకు కాలిన రోడ్డుకు దగ్గరగా, ముందు వాహనం పొగ మధ్య ఉండే గాలి వాతావరణ కేంద్రం కొలిచే గాలి కంటే వేడిగా ఉంటుంది. కారులో ఏసీ అమర్చి ఉంటే ఇంకో భారం తోడవుతుంది. ఏసీ కండెన్సర్ సాధారణంగా రేడియేటర్‌కు ముందే ఉంటుంది కాబట్టి, క్యాబిన్ నుంచి లాగిన వేడినంతా ముందు ఆ గాలిలోనే కలుపుతుంది. రేడియేటర్‌కు చేరేది అప్పటికే వేడెక్కిన గాలి.

ఉక్క సంగతేమిటి? కోల్‌కతా వేసవి తేమతో మనిషిని ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. చెమట ఆవిరైతేనే శరీరం చల్లబడుతుంది, తేమ నిండిన గాలిలో ఆవిరి కావడం నెమ్మదిస్తుంది. రేడియేటర్‌కు మాత్రం చెమట పట్టదు. దానికి గాలి ఉష్ణోగ్రత ఎంత అన్నదే లెక్క. తేమ గాలి పొడి గాలి కంటే కొంచెం తేలిక అయినా, వేసవి ఉష్ణోగ్రతల్లో ఆ తేడా సుమారు రెండు శాతం లోపే. కాబట్టి 36 డిగ్రీల ఉక్కపోతలోని కోల్‌కతా కంటే, 44 డిగ్రీల పొడి ఎండలోని రెంటచింతల లేదా రామగుండం కారుకు కష్టమైన చోటు. డ్రైవరుకు తోచేది వేరు, ఇంజిన్‌కు తగిలేది వేరు.

వేగం ఇచ్చేది, ఆగితే పోయేది

కదిలే కారు ముందు భాగాన్ని గాలి తోస్తుంది. ఆ ఒత్తిడి వేగపు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అది సుమారు 155 పాస్కల్స్. వేగం మూడో వంతుకు, అంటే 20 కిలోమీటర్లకు తగ్గితే ఒత్తిడి తొమ్మిదో వంతుకు పడిపోయి 17 పాస్కల్స్ మాత్రమే మిగులుతుంది. ఆగితే సున్నా. విద్యాసాగర్ సేతు మీద ఫ్యాన్ అసలు లేకపోయినా కారు చల్లగా ఉండగలదు. ఎస్‌ప్లనేడ్‌లో భారమంతా ఫ్యాన్‌దే.

పాత కార్లలో ఫ్యాన్ బెల్టు ద్వారా ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. ఇంజిన్ ఎంత వేగంగా తిరిగితే ఫ్యాన్ అంత వేగంగా తిరుగుతుంది. ఫ్యాన్ తోలే గాలి దాని వేగానికి అనుగుణంగా మారుతుంది. దానికయ్యే శక్తి వేగపు ఘనానికి అనుగుణంగా మారుతుంది. నిమిషానికి 800 చుట్లు తిరిగే ఐడిల్‌తో పోలిస్తే 3,000 చుట్ల వద్ద గాలి దాదాపు నాలుగు రెట్లు వస్తుంది, అందుకు ఖర్చయ్యే శక్తి మాత్రం యాభై రెట్లు దాటుతుంది. హైవే మీద గాలి ధారాళంగా ఉన్నప్పుడు ఈ ఫ్యాన్ శక్తిని వృథా చేస్తుంది. సిగ్నల్ దగ్గర అవసరమైనప్పుడు నీరసపడుతుంది. అవసరానికి సరిగ్గా వ్యతిరేకంగా పనిచేసే ఏర్పాటు ఇది.

ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఈ ముడిని విప్పింది. దానికి ఇంజిన్ వేగంతో సంబంధం లేదు. ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నా పూర్తి వేగంతో తిరుగుతుంది, అవసరం లేనప్పుడు ఆగిపోతుంది. ఎం.జి.ఏ. తర్వాత వచ్చిన ఎం.జి.బి. వరుసలో, 1973లో విడుదలైన జి.టి. వి8 మోడల్‌కు తయారీదారులే రెండు ఎలక్ట్రిక్ ఫ్యాన్లు అమర్చారు. నేటి కార్లలో ఇది మామూలు విషయం.

పెద్ద రేడియేటర్ ఏం ఇస్తుంది?

రేడియేటర్‌ను మూడు విధాలుగా పెద్దది చేయవచ్చు. మొదటిది ముఖ వైశాల్యం, అంటే గాలికి ఎదురుగా ఉండే పొడవు, వెడల్పు పెంచడం. ఇది అన్నింటికంటే మేలైన మార్గం. ఎక్కువ చోట చల్లటి కొత్త గాలి తగులుతుంది, గాలికి అడ్డంకి కూడా పెరగదు. కానీ స్పోర్ట్స్ కారు ముక్కు చిన్నది, బానెట్ కిందికి వంగి ఉంటుంది. అక్కడ స్థలం దొరకడం కష్టం.

రెండోది మందం పెంచడం, అంటే గొట్టాల వరుసలు రెండు ఉన్నచోట మూడో నాలుగో వేయడం. మెకానిక్ షెడ్లలో ఎక్కువగా జరిగేది ఇదే. ఇక్కడ లాభం వరుస వరుసకూ తగ్గుతుంది. మొదటి వరుసకు చల్లటి గాలి తగులుతుంది. నాలుగో వరుసకు చేరేసరికి అదే గాలి అప్పటికే వేడెక్కి ఉంటుంది, ఇక అది మోసుకెళ్లగలిగే వేడి కొద్దిగానే ఉంటుంది. పైగా మందమైన కోర్ గాలికి ఎక్కువ అడ్డుపడుతుంది. హైవే వేగంలో గాలి ఒత్తిడి ఆ అడ్డంకిని దాటగలదు. ట్రాఫిక్‌లో బలహీనమైన ఫ్యాన్ దాటలేదు. పాత ఫ్యాన్‌ను అలాగే ఉంచి నాలుగు వరుసల రేడియేటర్ వేస్తే, కారు హైవే మీద మెరుగుపడి కూడలిలో మరింత వేడెక్కే ప్రమాదం ఉంది.

మూడోది ఫిన్ల సాంద్రత పెంచడం. అంగుళానికి ఎక్కువ ఫిన్లు ఉంటే ఉపరితలం పెరుగుతుంది. కానీ సందులు సన్నబడి గాలికి అడ్డు పెరుగుతుంది. దుమ్ము, పురుగులు, ఎండుటాకుల ముక్కలు త్వరగా ఇరుక్కుంటాయి.

రాగి, ఇత్తడి రేడియేటర్లకు బదులు అల్యూమినియం రేడియేటర్ వేస్తే తేడా వస్తుందన్నది నిజమే. అయితే ఆ మేలు లోహం ప్రసరణ శక్తి వల్ల వచ్చేది కాదు. అల్యూమినియం తేలిక, గట్టిది కాబట్టి గొట్టాలను వెడల్పుగా చేయవచ్చు. వెడల్పు గొట్టాల్లో ఫిన్లు తాకే పొడవు ఎక్కువ. అందుకే రెండు వెడల్పు వరుసల అల్యూమినియం కోర్, నాలుగు సన్న వరుసల పాత ఇత్తడి కోర్‌తో పోటీపడుతుంది. మరో వైపు ఇత్తడి రేడియేటర్‌కు చిల్లు పడితే వీధి చివరి షెడ్డులోనే టంకం వేయించవచ్చు. అల్యూమినియానికి ఆ సౌలభ్యం తక్కువ.

ఫ్యాన్ చుట్టూ తొడుగు ఎందుకు?

చాలా పాత కార్లలో ఫ్యాన్ రెక్కలు రేడియేటర్ వెనక ఖాళీగా తిరుగుతుంటాయి. గాలి ఎప్పుడూ తేలికైన దారినే ఎంచుకుంటుంది. ఫిన్ల సందుల్లోంచి రావడం కంటే రెక్కల అంచుల పక్క నుంచి చుట్టూ తిరిగి రావడం దానికి సులువు. ఫలితంగా ఫ్యాన్ ఇంజిన్ గదిలోని వేడి గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. రేడియేటర్‌లో రెక్కలకు ఎదురుగా ఉన్న గుండ్రటి భాగం మాత్రమే పనిచేస్తుంది, నాలుగు మూలలూ వృథాగా పడి ఉంటాయి.

ష్రౌడ్ అనే తొడుగు ఈ లోటును తీరుస్తుంది. రేకుతో గానీ ప్లాస్టిక్‌తో గానీ చేసిన ఈ తొడుగు రేడియేటర్ వెనక భాగాన్ని మొత్తం కప్పి, ఫ్యాన్ దగ్గర గుండ్రటి రంధ్రంతో ముగుస్తుంది. ఫ్యాన్ లాగే ప్రతి లీటరు గాలీ ఫిన్ల గుండానే రావాలి. కోర్ నుంచి కొన్ని సెంటీమీటర్ల ఎడం ఉంటే గాలి మూలలకు కూడా పంచుకుంటుంది. వేగంగా వెళ్లేటప్పుడు తొడుగే గాలికి అడ్డుకాకుండా, కొన్నింటిలో రబ్బరు తలుపులు ఉంటాయి. ఎదురుగాలి వాటిని తోసుకుని బయటికి పోతుంది, కారు ఆగినప్పుడు అవి మూసుకుంటాయి.

రేడియేటర్‌కు, కారు ముందు భాగానికి మధ్య ఉండే సందులదీ ఇదే కథ. ఇంజిన్ గది నుంచి వచ్చిన వేడి గాలి, ఆగి ఉన్న కారులో ఆ సందుల ద్వారా ముందుకు పాకి మళ్లీ రేడియేటర్‌లోకి దూరుతుంది. 40 డిగ్రీల గాలి రావాల్సిన చోట 55 డిగ్రీల గాలి వస్తే, 90 డిగ్రీల కూలెంట్‌తో తేడా 50 నుంచి 35కు పడిపోతుంది. సామర్థ్యంలో 30 శాతం అక్కడే పోతుంది. ఈ సందులను ఫోమ్ పట్టీతోనో రబ్బరు పట్టీతోనో మూయడానికి అయ్యే ఖర్చు కొత్త రేడియేటర్ ధరలో చిన్న భాగం మాత్రమే.

ఫ్యాన్‌ను రేడియేటర్ వెనక అమర్చి గాలిని లాగించడం, ముందు అమర్చి తోయించడం కంటే సాధారణంగా మేలు. ముందున్న ఫ్యాన్ వేగంలో వచ్చే ఎదురుగాలికి అడ్డుపడుతుంది. వెనక స్థలం లేనప్పుడు మాత్రమే ముందు అమర్చడం సబబు. ఏ వైపు అమర్చినా ఎదురుగాలి దిశలోనే తిరిగేలా చూడాలి. వైర్లు తారుమారైతే మోటారు ఎదురు తిరిగి, రెండు గాలులూ ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి.

కరెంటు లెక్క మరవద్దు

12 వోల్టుల ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఒకటి 20 ఆంపియర్లు తీసుకుంటే, అది 240 వాట్లు. ఆధునిక కారుకు ఇది చిన్న విషయం. 1950ల కారుకు పెద్ద భారం. అప్పటి డైనమో గరిష్ఠంగా ఇచ్చేదే సుమారు 20 ఆంపియర్లు. పైగా అది ఇంజిన్ వేగంగా తిరిగినప్పుడే. ఐడిల్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. అంటే ఫ్యాన్ అత్యవసరమైన సమయంలో కరెంటంతా బ్యాటరీ నుంచే రావాలి. రాత్రి హెడ్‌లైట్లు కూడా తోడైతే బ్యాటరీ అరగంటలో డీలా పడవచ్చు. వోల్టేజీ తగ్గితే ఫ్యాన్ వేగమూ తగ్గుతుంది.

కాబట్టి పాత కారుకు ఎలక్ట్రిక్ ఫ్యాన్ వేయడమంటే ఆల్టర్నేటర్ కూడా వేయడమే. ఫ్యాన్ కరెంటు నేరుగా డ్యాష్‌బోర్డు స్విచ్ గుండా పోకూడదు. అంత కరెంటుకు సన్న వైరు వేడెక్కి తొడుగు కాలిపోతుంది. రిలే, సరిపడా ఫ్యూజు, మందమైన వైరు, బాడీకి గట్టి ఎర్త్ తప్పనిసరి. ఫ్యాన్‌ను మనిషి గుర్తుంచుకుని వేయడం కంటే ఉష్ణోగ్రత స్విచ్‌కు అప్పగించడం క్షేమం. ఉదాహరణకు 95 డిగ్రీల వద్ద ఆన్ అయి 87 వద్ద ఆగే స్విచ్ ఉంటే, ఆ మధ్య ఎడం వల్ల ఫ్యాన్ నిమిషానికోసారి వెలిగి ఆరకుండా ఉంటుంది. ఈ స్విచ్ తెరుచుకునే అంకె థర్మోస్టాట్ అంకె కంటే పైన ఉండాలి. లేకపోతే ఫ్యాన్ ఎప్పటికీ ఆగదు.

మూత, కూలెంట్, థర్మోస్టాట్

రేడియేటర్ మూత చూడటానికి మామూలు మూతే, నిజానికి అది ఒత్తిడి వాల్వ్. సముద్ర మట్టం వద్ద నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. మూత వ్యవస్థలో ఒక బార్ అదనపు ఒత్తిడి నిలిపితే, అదే నీరు 120 డిగ్రీల వరకు మరగదు. మూత రబ్బరు ఎండిపోయి ఒత్తిడి నిలవకపోతే ఆ 20 డిగ్రీల రక్షణ పోతుంది. సిలిండర్ హెడ్ లోపల ఆవిరి బుడగలు ఏర్పడి, లోహానికీ ద్రవానికీ మధ్య దూదిలా నిలుస్తాయి. అయితే పాత రేడియేటర్‌కు ఎక్కువ ఒత్తిడి మూత బిగించడం కూడా తప్పే. దాని టంకం అతుకులు తక్కువ ఒత్తిడికి చేసినవి.

కోల్‌కతాలో నీరు గడ్డకట్టే ప్రసక్తి లేదు కాబట్టి కూలెంట్ అవసరం లేదని, కుళాయి నీరు చాలని కొందరు భావిస్తారు. కూలెంట్‌లోని గ్లైకాల్ నీటి మరుగు స్థానాన్ని కొంత పెంచుతుంది. అంతకంటే ముఖ్యం, అందులో తుప్పును నిరోధించే రసాయనాలు ఉంటాయి. కుళాయి నీటిలోని లవణాలు గొట్టాల లోపల పొరలా పేరుకుంటాయి. ఆ పొర ఇత్తడి కంటే యాభై రెట్లకు పైగా తక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. అలాగని కూలెంట్ గాఢత ఎక్కువైతే మేలు కాదు. గ్లైకాల్ కంటే నీరే వేడిని బాగా మోస్తుంది. తయారీదారు చెప్పిన పాళ్లలో, లవణాలు తీసేసిన నీటితో కలపడం సరైన పద్ధతి.

థర్మోస్టాట్‌ను పీకేయడం మరో అలవాటు. ఇది మైనం కరగడం, గడ్డకట్టడం ఆధారంగా తెరుచుకునే, మూసుకునే వాల్వ్. పాడై మూసుకుపోయిన థర్మోస్టాట్ కారును మరిగిస్తుంది, దాన్ని తీసేస్తే ఆ రోజుకు కారు బాగవుతుంది. కానీ మంచి స్థితిలోని థర్మోస్టాట్ వేడెక్కిన ఇంజిన్‌లో పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. దాన్ని తీసినందువల్ల కూడలిలో గాలి పెరగదు. చల్లటి ఉదయాల్లో ఇంజిన్ సరైన వేడికి చేరక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపలి భాగాలు త్వరగా అరుగుతాయి. కొత్తది మార్చడమే పరిష్కారం.

ముల్లు చెప్పేది వినడం

ఖర్చు పెట్టేముందు చేయాల్సింది గమనించడం. ఆగినప్పుడు, నెమ్మదిగా వెళ్లేటప్పుడు మాత్రమే కారు వేడెక్కి వేగంలో చల్లబడితే, గాలి కొరత ఉన్నట్లు. ఫ్యాన్, తొడుగు, సందులు, బెల్టు బిగువు చూడాలి. ట్రాఫిక్‌లో బాగానే ఉండి, వేగంగా ఎక్కువ దూరం వెళ్లినప్పుడు లేదా ఎత్తు ఎక్కినప్పుడు వేడెక్కితే, రేడియేటర్ సామర్థ్యం చాలనట్లు. గొట్టాలు మూసుకుపోయాయేమో, ఫిన్లు చెత్తతో నిండాయేమో, కింది హోస్ పైపు పంపు లాగుడుకు నొక్కుకుపోతోందేమో ముందు చూసి, తర్వాతే పెద్ద రేడియేటర్ గురించి ఆలోచించాలి. రెండు సందర్భాల్లోనూ వేడెక్కితే, లేదా కూలెంట్ కనిపించకుండా తగ్గిపోతుంటే, థర్మోస్టాట్, వాటర్ పంపు, హెడ్ గాస్కెట్, ఇగ్నిషన్ టైమింగ్ వంటివి అనుమానించాలి. ఇవేవీ రేడియేటర్ మారిస్తే తగ్గవు.

ఈ క్రమంలో చౌకైన పనులు ముందు వస్తాయి. ఫిన్లను ఇంజిన్ వైపు నుంచి ముందుకు తక్కువ ఒత్తిడి నీటితో కడగడం, మూత, థర్మోస్టాట్, బెల్టు మార్చడం, లోపలి గొట్టాలు శుభ్రం చేయించడం, సందులు మూయడం, తొడుగు అమర్చడం మొదటి మెట్టు. ఎలక్ట్రిక్ ఫ్యాన్, దానికి తగిన ఆల్టర్నేటర్ రెండో మెట్టు. కొత్త రేడియేటర్ చివరి మెట్టు. క్లాసిక్ కారు విషయంలో ఈ క్రమానికి మరో విలువ ఉంది. మొదటి మెట్టు పనుల కోసం బాడీ కోయనక్కర్లేదు, అసలు భాగాలు పారేయనక్కర్లేదు. విప్పిన రేడియేటర్, ఫ్యాన్ దాచి ఉంచితే కారును మళ్లీ పూర్వరూపానికి తేవచ్చు.

మరిగిన కారు దగ్గర

ఇంత చేసినా ఒక రోజు ముల్లు ఎర్ర గీత దాటవచ్చు. అప్పుడు ముందుగా ఏసీ ఆపాలి. కారులో హీటర్ ఉంటే పూర్తిగా తెరవాలి. అదొక చిన్న అదనపు రేడియేటర్‌లా పనిచేస్తుంది, క్యాబిన్ కాసేపు పొయ్యిలా మారినా ఇంజిన్‌కు ఊరట. వెంటనే రోడ్డు పక్కన సురక్షితమైన చోట ఆపి ఇంజిన్ కట్టేయాలి. ఇంకో రెండు కిలోమీటర్లు నెట్టుకొస్తే హెడ్ వంకరపోవచ్చు, గాస్కెట్ కాలిపోవచ్చు. అల్యూమినియం హెడ్, ఇనుప బ్లాకు ఉన్న ఇంజిన్లలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది.

వేడిగా ఉన్న రేడియేటర్ మూతను ఎట్టి పరిస్థితిలోనూ తెరవకూడదు. లోపల ఒత్తిడిలో 115 డిగ్రీల వద్ద ద్రవంగా ఉన్న నీరు, మూత తీయగానే 100 డిగ్రీలకు దిగాలి. ఆ మిగులు వేడి కొంత నీటిని క్షణంలో ఆవిరిగా మారుస్తుంది. లీటరుకు 28 గ్రాముల నీరు మాత్రమే ఆవిరైనా, అది సుమారు 47 లీటర్ల స్థలం కోరుతుంది. ఆ ఆవిరి మిగిలిన మరుగు నీటిని ముఖం మీదికి, చేతుల మీదికి విసిరికొడుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లబడటానికి కనీసం అరగంట, గంట ఆగాలి. పైన హోస్ పైపును నొక్కి చూస్తే గట్టిగా ఉందంటే ఒత్తిడి ఇంకా ఉన్నట్లే. ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉన్న కార్లలో, ఇంజిన్ ఆపిన తర్వాత కూడా అది హఠాత్తుగా తిరగవచ్చు కాబట్టి రెక్కల దగ్గర చేయి పెట్టకూడదు. చల్లటి నీటిని వేడి ఇంజిన్ మీద గుమ్మరించినా, ఖాళీ అయిన వేడి ఇంజిన్‌లో ఒక్కసారిగా పోసినా, ఇనుము ఒకచోట ముడుచుకుని మరోచోట ముడుచుకోక పగులుతుంది.

చల్లబడిన తర్వాత కూలెంట్ మట్టం ఎంత తగ్గిందో, ముల్లు ఏ వేగంలో, ఎంతసేపటికి పైకి లేచిందో రాసి పెట్టుకుంటే మెకానిక్‌కు అదే మంచి ఆధారం. రేడియేటర్ ధర అడిగే ముందు ఆ రెండు ముక్కలు అతనికి చెబితే, అవసరం లేని భాగం కొనే పని తప్పుతుంది.